ఇంటి నుంచి ఆఫీసు సిస్టమ్ కనెక్ట్ చేయించే ఉద్యోగం: మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ చేశాడు. పది నెలలుగా హైదరాబాద్‌లో ఐటీ సపోర్ట్‌లో ఉన్నాడు. ఇంటి దగ్గర కూర్చుని ఆఫీసు కంప్యూటర్‌కి కనెక్ట్ కాలేనివాళ్ళు ఫోన్ చేస్తే సరిచేయడమే పని, జీతం 19 వేలు. బంధువులు అడిగితే చెప్పుకోలేకపోతున్నాం. ఇది మానేసి అమీర్‌పేటలో 1,20,000 కట్టి సైబర్ సెక్యూరిటీ కోర్సులో చేరమంటే వద్దంటున్నాడు. సైబర్ సెక్యూరిటీ, నెట్‌వర్కింగ్, క్లౌడ్ మూడింట్లో ఏది మంచిది?
- ఒక తండ్రి, తణుకు

జవాబు: సార్, మూడింటినీ పోల్చమన్నారు, పోలుస్తాను. కానీ మీరు రాసిన దాంట్లో నేను ఆగిపోయింది "చెప్పుకోలేకపోతున్నాం" అన్న మాట దగ్గర. ఇలాంటి ప్రశ్నలు నాకు వస్తూనే ఉంటాయి, కోర్సుల పేర్లు మారతాయి గానీ అడుగున ఉండే భయం ఒకటే, మావాడు ఎదుగూ బొదుగూ లేని చోట ఇరుక్కుపోయాడేమో అని. ముందు దాని సంగతి చూద్దాం.

మీవాడి పని ఎలా ఉంటుందో ఒక్క ఫోన్ కాల్ చెప్తాను. నెల 20వ తేదీ, జీఎస్టీ రిటర్న్ వేయడానికి ఆఖరు రోజు. పొద్దున్నే అకౌంట్స్ ఆవిడ కంగారుగా ఫోన్ చేసింది, వీపీఎన్, అంటే ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే రహస్య దారి, కనెక్ట్ అయింది కానీ ఆఫీసు సిస్టమ్ రావట్లేదు. మొదట అడగాల్సింది, నిన్న వచ్చిందా అని. వచ్చిందంటే రాత్రికి రాత్రే ఏదో మారింది. కరెంటు పోయి, యూపీఎస్ దిగిపోయి సిస్టమ్ ఆగిపోయి ఉండొచ్చు, స్లీప్‌లోకి వెళ్ళి ఉండొచ్చు, నెట్‌వర్క్‌లో దాని చిరునామా అంకె, అంటే ఐపీ అడ్రస్, మారి ఉండొచ్చు, పాస్‌వర్డ్ గడువు తీరి ఉండొచ్చు. ఆఫీసులో ఉన్న వాచ్‌మన్‌ని అడిగితే సిస్టమ్ ఆన్‌లోనే ఉందన్నాడు. కంప్యూటర్ పేరు బదులు ఐపీ కొట్టి చూశారు, అయినా రాలేదు, కాబట్టి తప్పు, పేరు చెబితే ఐపీ వెతికిపెట్టే డీఎన్ఎస్ ఒక్కదానిదే కాదు. అప్పుడు మీవాడు ఆవిడని ఇంటి వైఫై తీసేసి ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించమన్నాడు. వెంటనే వచ్చేసింది.

అంటే ఆఫీసు వైపు అంతా బాగానే ఉంది, చిక్కు ఇంట్లో ఉంది. గుచ్చి గుచ్చి అడిగితే తేలింది, నిన్న సాయంత్రమే కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించుకున్నారట. ఆ కొత్త రౌటర్ 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లు ఇస్తోంది, ఆఫీసులోనూ అవే అడ్రస్‌లు. గాంధీనగర్ అని ఉత్తరం వేస్తే, పక్క ఊరి గాంధీనగర్‌కి పోవాల్సింది మన ఊళ్ళోనే తిరిగినట్టు, ఆవిడ ల్యాప్‌టాప్ ఆఫీసు సిస్టమ్‌ని ఇంట్లోనే వెతుకుతోంది. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆ అంకెని 192.168.50కి మార్చి రీస్టార్ట్ చేయగానే పని అయిపోయింది. అవతలి మనిషి టెన్షన్‌లో ఉండగా గొంతు పెంచకుండా ఒక్కొక్క అనుమానం తీసేసుకుంటూ పోయే ఈ పనిని క్లాసురూమ్‌లో నేర్పడం ఎంత కష్టమో మాలాంటివాళ్ళకి తెలుసు.

ఇదే సమస్యకి ఇంకో అడ్డదారి ఉంది. దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌కి తలుపులాంటిది 3389 పోర్టు, ఆఫీసు రౌటర్‌లో దాన్ని ఇంటర్నెట్‌కి తెరిచేస్తే వీపీఎన్ గొడవే ఉండదు, ఐదు నిమిషాల పని. కంప్యూటర్లలోని ఫైళ్ళకి తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలు వెతికేది సరిగ్గా అలా తెరిచి పెట్టిన కంప్యూటర్ల కోసమే. 2019 మేలో ఈ రిమోట్ డెస్క్‌టాప్‌లోనే బ్లూకీప్ అనే లోపం బయటపడితే, 2014లోనే సపోర్ట్ ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ ఇచ్చింది, అంత ప్రమాదం అది. మేనేజర్ తొందరపెట్టినా ఆ పోర్టు తెరవనని చెప్పగలిగిన కుర్రాడు అప్పటికే సెక్యూరిటీ పనిలో ఉన్నాడు. మీరు లక్షా ఇరవై వేలు పోసి నేర్పిద్దామనుకుంటున్నది అతనికి జీతమిచ్చి నేర్పుతున్నారు సార్.

సైబర్ సెక్యూరిటీ మీద నాకేం కోపం లేదు, అది మంచి రంగం. నా అనుమానమంతా నాలుగు నెలల కోర్సు, ఆ తర్వాత పెద్ద జీతం అనే మాట మీద. ఒక ఆఫీసు నెట్‌వర్క్ మామూలుగా ఎలా నడుస్తుందో చూడనివాడికి, అందులో తేడా జరిగినప్పుడు ఎలా తెలుస్తుంది? టూల్స్ పేర్లు గడగడా చెప్పి, ఇంటర్వ్యూలో సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒక అడ్రస్‌ల గుంపు) అంటే ఏమిటని అడిగితే తలదించుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్ళ వెనక అప్పులు చేసిన తండ్రులూ ఉన్నారు. ఈ రంగంలో పెద్దదిగా చెప్పుకునే సీఐఎస్ఎస్‌పీ సర్టిఫికేషన్‌కి 5 ఏళ్ళ పని అనుభవం అడుగుతారు, డిగ్రీలాంటివి ఉంటే ఒక ఏడాది తగ్గిస్తారు. అనుభవానికి అంత విలువ ఇచ్చే రంగం కోసం చేతిలో ఉన్న అనుభవాన్ని వదులుకోమంటున్నారు మీరు.

కాస్త కటువుగానే అంటున్నాను, ఏమనుకోకండి. పది నెలల్లో ఒక్కసారైనా నీ పనేంటిరా అని కూర్చోబెట్టి అడిగారా? బంధువులకి చెప్పుకోవడానికి వీలుగా లేదని పిల్లవాడి ఉద్యోగం మాన్పించడం తప్పు. వద్దన్నాడని మీరే రాశారు, ఎందుకు వద్దన్నాడో మాత్రం రాయలేదు.

ఇక పోలిక. మీవాడికి ముందు నెట్‌వర్కింగ్, ఎందుకంటే రోజూ చేస్తున్నది అదే. ఉద్యోగం చేసుకుంటూనే సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ సీసీఎన్ఏకి చదవమనండి. క్లౌడ్, అంటే ఇంటర్నెట్ మీద అద్దెకి తీసుకునే కంప్యూటర్లు, ఆ తర్వాత, దానిలోనూ అడ్రస్‌లూ రూటింగూ ఫైర్‌వాల్ నియమాలే కదా. సెక్యూరిటీకి ఆ రెండింటి మీదుగా వెళ్తే సులువు.

మీ భయంలో నిజం లేకపోలేదు. మూడేళ్ళు పాస్‌వర్డ్‌లు రీసెట్ చేస్తూ సపోర్ట్‌లో మొదటి మెట్టైన ఎల్1లోనే ఉండిపోయినవాళ్ళు ఉన్నారు. అందుకని రెండేళ్ళలోపు దాని పై మెట్టు ఎల్2కి మారాలని ఇప్పుడే గట్టిగా అనుకోవాలి, తను పై టీముకి పంపిన ప్రతి టికెట్, అంటే కంప్లయింట్, వాళ్ళు ఎలా సరిచేశారో అడిగి ఒక నోటుబుక్కులో రాసుకోవాలి.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు కోర్సు మాట ఎత్తకుండా, ఈ నెలలో నిన్ను బాగా సతాయించిన కంప్లయింట్ ఏదో చెప్పరా అనండి. చెప్పడానికి పాస్‌వర్డ్ రీసెట్‌లు తప్ప ఇంకేమీ లేవంటే నాకు మళ్ళీ రాయండి, కంపెనీ మారే సంగతి మాట్లాడదాం.