ఐదో సీసాకి వేసిన మార్కులు

నాయనా,

నీ వ్యాసం అందింది. మీ బావ బ్రస్సెల్స్ నుంచి తెచ్చిన ఐదు బెల్జియం బీర్లను కావలిలో మీ డాబా మీద ఒక్క సాయంత్రంలో రుచి చూసి, రాత్రికి రాత్రే ఐదు సమీక్షలూ ముగించానని గొప్పగా రాశావు. చివర్లో "మన జిల్లావాళ్లకు కిక్కు కావాలి గానీ రుచి అక్కర్లేదు" అని ఒక తీర్పు కూడా పడేశావు. ఆ వాక్యం లేకపోతే నేనీ ఉత్తరం రాసేవాణ్ని కాదు.

లెక్క చూద్దాం. మొదటి సీసా వెస్ట్‌మాల్ ట్రిపెల్, ఆల్కహాల్ 9.5 శాతం. 330 మిల్లీలీటర్ల ఆ బుల్లి సీసాలో ఉండే ఆల్కహాల్, మన బ్రాందీషాపులో దొరికే 5 శాతం లాగర్, అంటే మామూలు బీరు, 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాలో ఉన్నంత. దాని మీద డువెల్ 8.5, ఓర్వాల్ 6.2, షిమే బ్లూ 9, ఆఖర్న రోష్‌ఫోర్ 10, అది 11.3 శాతం. మొత్తం నాలుగున్నర పెద్ద సీసాలు దించావన్నమాట. కిక్కు కావాల్సింది ఎవరికో తెలిసిపోయింది. రోష్‌ఫోర్ మీద రాసిందే అన్నిటికంటే పొడుగు, మార్కులూ దానికే ఎక్కువ. ఆ మార్కులు వేసింది ముందు తాగిన నాలుగు సీసాలు.

సాయంత్రానికి ఒక్క సీసా. దానికి గంట. ఇంతకు మించి నా దగ్గర విద్య లేదు, కానీ దీని మీద మాత్రం ఎవరితోనైనా పోట్లాడతాను.

ట్రిపెల్‌కి వాసనే లేదన్నావు. ఫ్రీజర్‌లోంచి తీసి తాగితే ఏ వాసన వస్తుంది? ఈ బీర్లలో అరటిపండు, లవంగం లాంటి వాసనలు చాలావరకు ఈస్టు పులిసేటప్పుడు పుట్టించేవి. గడ్డకట్టే చలిలో అవి గ్లాసులోంచి పైకి లేవవు. పది పన్నెండు డిగ్రీలకు రావాలి. మన ఎండలకు చల్లగా గొంతులో పోసుకోవాలనే ఉంటుంది, కాదనను. అందుకు లాగర్ ఉంది.

ఒకసారి రోహిణి కార్తెలో షిమే బ్లూ గ్లాసులో పోసుకున్నానో లేదో కరెంటు పోయింది. చీకట్లో రాయడానికి లేదు, ఊరికే వాసన చూస్తూ కూర్చున్నాను. మొదట గ్యాసు ముక్కుకు పొడిచింది, అంతే. కాసేపటికి ఎండు ద్రాక్ష. ఇంకాసేపటికి మిరియం. అడుగుకొచ్చేసరికి మాడీ మాడని బెల్లం పాకం. ఆ వరస ఇవాళ్టికీ తడుముకోకుండా చెప్పగలను. తాటికల్లు తెల్లవారుజామున తియ్యగా ఉండి మధ్యాహ్నానికి పులుస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఊళ్లు మనవి. రుచి గంట గంటకూ మారుతుందని ఈ జిల్లావాళ్లకు నువ్వు కొత్తగా చెప్పాలా?

పైగా ఇది ఏ జిల్లా? 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన జిల్లా. ఆ మంట రాష్ట్రమంతా అంటుకుని 1993లో సారా పోయింది, 1995లో మద్యమే నిషేధించారు, 1997లో మళ్లీ సడలించారు. ఇక్కడ కూర్చుని మందు మీద రాసేవాణ్ని జనం ముందు అనుమానంగానే చూస్తారు. చూడాలి కూడా. నా వ్యాసం వచ్చిన పత్రికను మా వీధి షాపాయన నాకే పాత పేపర్లో చుట్టి ఇచ్చేవాడు.

సీసా అడుగున మడ్డి ఉంది, సరుకు పాడైందేమో అని డువెల్‌కి మార్కులు కోశావు. పాడు కాలేదు. సీసాలో పోసేటప్పుడు కాస్త చక్కెర, ఈస్టు కలుపుతారు, లోపలే మళ్లీ పులుస్తుంది. ఆ నురగ, ఆ మడ్డి దాని చలవే. వంచి మెల్లగా పోసి, చివరి గుక్కెడు సీసాలోనే ఉంచు. ఇంకోటి, డువెల్ సన్యాసుల బీరు కాదు, మోర్ట్‌గాట్ కుటుంబం బ్రూవరీది. మిగతా నాలుగే ట్రాపిస్టులనే క్రైస్తవ సన్యాసుల మఠాలవి.

ఇక ఓర్వాల్. "వానాకాలం గొడ్లచావిట్లో తడిసిన గోనెపట్టా వాసన" అని రాసి, పక్కనే "క్షమించాలి, నాకు తెలియక అన్నానేమో" అని చేర్చావు. ఎందుకయ్యా క్షమాపణ? ఓర్వాల్‌లో బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్టు కలుపుతారు. పశువుల కొట్టం, తోలు వాసనలు దాని గుణమే. సీసా పాతబడేకొద్దీ అవి ముదురుతాయి కూడా. ఇంగ్లీషు సమీక్షకులు గుర్రపు దుప్పటి అంటారు. ఒంగోలు గిత్తల పక్కన పెరిగినవాడివి, నీకు గోనెపట్టా తగిలింది. వ్యాసం మొత్తంలో నువ్వు సొంతంగా ముక్కు పెట్టి రాసింది ఆ ఒక్క చోటే, దాన్నే కొట్టేయబోయావు!

మార్కుల సంగతి. నాకు వాటి మీద పాత కోపం ఉంది. ఒక ఆదివారం అనుబంధం సంపాదకుడు నా దగ్గర నాలుగు పేజీలు తీసుకుని, జాగా లేదని నాలుగు స్టార్లు మాత్రం అచ్చేశాడు. పక్కన వేసిన ఫొటో వేరే బీరుది. డబ్బు ఇప్పటికీ రాలేదు. ఇప్పుడు అందరూ సంపాదకులే: గ్లాసు ఫొటో, ఐదుకి నాలుగుంపావు, అయిపోయింది. ఆ పావు ఎక్కడ తగ్గిందో అడిగితే ఒక్కడూ చెప్పడు.

కలం పేరు గురించీ యూట్యూబ్ గురించీ అడిగావు, ఇప్పుడు కాదు.

మీ బావ మళ్లీ ఎప్పుడొస్తాడో కనుక్కో. ఈసారి ఓర్వాల్ రెండు తెమ్మను. ఒకటి చీకట్లో, చల్లటి చోట, నిలబెట్టి దాచు. రెండోది ఫ్రిజ్ లోంచి తీసి ఇరవై నిమిషాలు పక్కన పెట్టి తాగు. తాగుతూ రాయి, తెల్లారాక దిద్దు. దిద్దేటప్పుడు గోనెపట్టా జోలికి పోకు. మార్కులు వేసి పంపితే చదవను.

నెల్లూరు నుంచి,
నీ పెద్దాయన