న్యూట్రినో పుట్టిల్లు ఎలా కనిపెడతారు?

"న్యూట్రినో భూమినే దాటుకుని పోతుంది కదా, మరి అది ఎక్కడ పుట్టిందో ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. న్యూట్రినో అంటే దేనికీ దాదాపు తగలకుండా దూసుకుపోయే అతి చిన్న కణం. అమలాపురం దగ్గర ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతానండి. 2022లో మా క్లాసులో ఒకమ్మాయి ఇదే అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వారం పాటు చదివి ఆమెకు చెప్పిందే, తర్వాత తెలిసినవి కూడా కలిపి మీకూ రాస్తున్నాను.

మాది లంక ఊరు. వరదొస్తే దుంగలు కొట్టుకొస్తాయి. అది శబరి వైపుదో, ఇంద్రావతి వైపుదో మా రేవుకు చేరిన తీరు చూసి చెప్పలేం. ఎన్ని సుడులు తిరిగి వచ్చిందో! అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్ల వంటి కణాలను కాస్మిక్ కిరణాలంటారు, వాటి సంగతీ అంతే. వాటికి విద్యుదావేశం ఉంటుంది, దారిలోని అయస్కాంత క్షేత్రాలు వాటిని వంచేస్తాయి. న్యూట్రినోకు ఆవేశం లేదు. తిన్నగా వస్తుంది.

కష్టమంతా దాన్ని పట్టుకోవడంలోనే. దక్షిణ ధ్రువం దగ్గర ఐస్‌క్యూబ్ అనే న్యూట్రినో పరిశోధనశాల వాళ్ళు ఒక ఘన కిలోమీటరు మంచులో, 1,450 నుంచి 2,450 మీటర్ల లోతున, 5,160 సెన్సార్లు దించారు. ఎప్పుడో ఒక న్యూట్రినో మంచులోని కేంద్రకాన్ని గుద్దుకుంటే మ్యూయాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, కానీ బరువైన కణం) పుట్టి, నీలి వెలుగు చిమ్ముతూ పోతుంది. ఆ వెలుగు ఏ సెన్సారుకు ముందు తగిలిందో, దేనికి తర్వాత తగిలిందో చూసి దిక్కు లెక్కగడతారు. మన వాతావరణంలో పుట్టే మ్యూయాన్ల బెడద చాలా ఎక్కువ. అవి భూమిని దాటి రాలేవు, న్యూట్రినోలు రాగలవు. అందుకే కింది నుంచి పైకి వచ్చేవాటిని ఏరుకుంటారు. భూమే జల్లెడ అన్నమాట.

2017 సెప్టెంబరు 22న దొరికిన ఒక న్యూట్రినో దిక్కున చూస్తే, టీఎక్స్ఎస్ 0506+056 అనే బ్లేజర్ (మధ్యలోని బ్లాక్ హోల్ నుంచి మన వైపుకే ధార చిమ్మే గెలాక్సీ) అప్పుడే గామా కిరణాల్లో బాగా వెలుగుతోంది. జనవరి రాత్రి మేడ మీద పిల్లలకు గొల్లకావడి చూపించి, దానికి పైన ఓరియన్ భుజం పక్కన ఆ చోటు చూపించాను. కంటికి ఏమీ కనపడదు, అయినా ఒక్కొక్కరూ వచ్చి చూశారు.

నాకు మాత్రం ఆ ఒక్కదాని కన్నా ఎన్‌జీసీ 1068 మీదే నమ్మకం ఎక్కువ. సుమారు 4.7 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఆ గెలాక్సీ వైపు నుంచి 2011-2020 మధ్య మామూలుగా రావాల్సినవాటి కన్నా దాదాపు 79 న్యూట్రినోలు అదనంగా వచ్చాయని 2022 నవంబరులో ప్రకటించారు. అక్కడి బ్లాక్ హోల్ చుట్టూ దట్టమైన ధూళి, వాయువు. గామా కిరణాలు అందులోనే ఇంకిపోతాయి, న్యూట్రినోలు బయటపడతాయి.

మిగతా న్యూట్రినోల్లో చాలా వాటి పుట్టిల్లు ఇంకా దొరకలేదు. 2023 ఫిబ్రవరి 13న సిసిలీ దగ్గర సముద్రం అడుగున కేఎం3నెట్ అనే న్యూట్రినో పరికరానికి చిక్కినది సుమారు 220 పెటా ఎలక్ట్రాన్ వోల్టులది (కణాల శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు, పెటా అంటే కోటి కోట్లకు పదింతలు), అంత శక్తి గలది అంతకు ముందు ఎవరికీ దొరకలేదు. 2025లో ఆ వార్త లింకు నాకు మొదట పంపింది ఆ అమ్మాయే. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. "ఇది ఎక్కడిదండీ సార్?" అని కింద రాసింది.