ఏడాది నొప్పి రాదన్నారు, మూడో నెలకే మొదలైంది: కేసు వేయవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది తాడిపత్రి. మా అమ్మకు 63 ఏళ్లు, షుగర్ ఉంది. మోకాళ్లలో గుజ్జు అరిగిందంటే బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాను. 'లాంగ్ యాక్టింగ్ ఇంజెక్షన్, ఒక్కసారి వేస్తే ఏడాది నొప్పి రాదు' అన్నారు. వాట్సాప్‌లో పంపిన పాంప్లెట్‌లోనూ అదే ఉంది. రెండు మోకాళ్లకు 48 వేలు ఫోన్‌పేలో కట్టాను. బిల్లు ఇవ్వలేదు. ఓపీ చీటీ మీద 'ఇంజెక్షన్, రెండు మోకాళ్లు' అని తప్ప మందు పేరు లేదు. మర్నాడు షుగర్ 380 దాటింది. మూడో నెలకల్లా నొప్పి మామూలే. ఇంజెక్షన్ వేసి 14 నెలలైంది. కేసు వేయవచ్చా? దానికి బెంగళూరు చుట్టూ తిరగాలా?

జవాబు: బెంగళూరు తిరగనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. పాత 1986 చట్టం ఉన్నప్పుడు ఈ వెసులుబాటు లేక మన జిల్లావాళ్లు చాలామంది బస్సు చార్జీలకు భయపడి ఊరుకునేవారు. మీకు అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. డబ్బు కట్టింది మీరు, వైద్యం పొందింది అమ్మగారు. చట్టం దృష్టిలో ఇద్దరూ వినియోగదారులే, ఇద్దరి పేర్లతోనూ వేయండి.

ఇక అసలు సంగతి. నొప్పి తగ్గలేదన్న ఒక్క మాట మీద కేసు నిలవదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, నిజమే. కానీ వైద్యం ఫలించకపోవడం వేరు, నిర్లక్ష్యం వేరు అని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో అదే కోర్టు తేల్చింది. పోలీసు కేసు పెట్టమని ఎవరైనా ఎగదోస్తే వినకండి. దానికి ఘోరమైన నిర్లక్ష్యం చూపాలి, మీ దగ్గర అది లేదు.

మీ బలమంతా ఆ చీటీలోనే, అంటే అందులో లేని మందు పేరులో ఉంది. లాంగ్ యాక్టింగ్ అనేది మందు పేరు కాదు. ఆ మాట చాటున మామూలు స్టెరాయిడ్ ఉండొచ్చు, హైలురోనిక్ యాసిడ్ జెల్ ఉండొచ్చు, మన రక్తం నుంచే తీసే పీఆర్‌పీ ఉండొచ్చు. మామూలు స్టెరాయిడ్ ఉపశమనం వారాల నుంచి కొద్ది నెలల వరకే. జెల్ పనిచేసినవాళ్లకు ఆరు నెలల దాకా రావచ్చంటారు, అసలు ఎంతమందికి పనిచేస్తుందన్న దానిపై డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో 2017 అక్టోబరులో అనుమతి పొందిన నెమ్మదిగా విడుదలయ్యే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఉంది. దాని ప్రధాన ప్రయోగంలో కూడా ముఖ్యంగా కొలిచింది 12వ వారం నాటి నొప్పినే. వీటిలో ఏది వేసినా, ఏడాది ఖాయమని చెప్పడానికి ఆధారం ఏమిటని ఆసుపత్రిని కమిషన్ ముందు నిలదీయవచ్చు. పాంప్లెట్‌లో ఆ హామీ ఉంది కాబట్టి అది తప్పుదారి పట్టించే ప్రకటన అని వాదించవచ్చు. బిల్లు ఇవ్వకపోవడాన్ని చట్టంలోని 2(47) సెక్షన్ నేరుగా అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఆ వాట్సాప్ మెసేజ్ డిలీట్ చేయకండి. ఫోన్ మార్చినా పాతది దాచండి, స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే అవతలి లాయరు దాన్ని పట్టుకుని పీకుతాడు.

రెండోది షుగర్. స్టెరాయిడ్ వేస్తే షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులు పెరుగుతుందన్నది ఏ ఎముకల డాక్టరుకైనా తెలిసిన విషయం. ముందే చెప్పి, రోజూ చూసుకోమనాల్సింది. ఏ చికిత్స చేస్తున్నారు, దానివల్ల వచ్చే ఇబ్బందులేమిటి, వేరే దారులేమిటి అని రోగికి చెప్పి తీసుకున్నదే సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు అంది. అమ్మగారి చేత ఇంగ్లిష్‌లోనో కన్నడంలోనో ఉన్న ఫారం మీద వేలిముద్ర వేయించి ఉంటే, దాన్ని తెలుగులో ఎవరు చదివి చెప్పారో ఆసుపత్రే చెప్పుకోవాలి. ఆ 380 వచ్చిన ల్యాబ్ రిపోర్టు తేదీతో సహా ఉందా? ఇంట్లో గ్లూకోమీటర్‌లో చూసి ఉంటే అందులో పాత రీడింగులు తేదీలతో ఉంటాయి, వాటిని ఫొటో తీయండి. అయితే వేసింది జెల్ అని తేలితే ఈ వాదన బలహీనపడుతుంది. అందుకే ముందు మందు పేరు రాబట్టాలి.

ఈ వారంలోనే ఆసుపత్రికి అమ్మగారి పేరుతో ఉత్తరం రాయండి. వేసిన మందు పేరు, డోసు, బ్యాచ్ నంబరు, సమ్మతి పత్రం, బిల్లు కావాలని అడగండి. స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి. వైద్య వృత్తి నియమావళి, 2002 ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఒక చిక్కుంది: రికార్డులను మూడేళ్లు భద్రపరచాలన్న నియమం అడ్మిట్ అయిన రోగులకే. అమ్మగారిది ఓపీ కాబట్టి 'మా దగ్గర లేవు' అనే అవకాశం ఉంది. అలా రాసిస్తే అదీ మనకు పనికొచ్చే కాగితమే. జవాబే రాకపోతే కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. అక్కడ డబ్బు రాదు, డాక్టరు మాత్రం సంజాయిషీ ఇచ్చుకోవాలి.

గడువు 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లు. నొప్పి తిరిగొచ్చిన రోజు నుంచి లెక్కపెట్టాలని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద ఆధారపడవద్దు. ఇంజెక్షన్ వేసిన తేదీ నుంచే లెక్కేసుకుంటే మీకు పది నెలలున్నాయి.

ప్రతి వైద్య కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో కిషన్‌రావు కేసులో తీర్పుంది. బిల్లు, హామీ, సమ్మతి వరకు నిపుణుడు అక్కర్లేదు. ఇంజెక్షన్ వేయడంలోనే తప్పు జరిగిందంటే మాత్రం కావాలి. నా మాట వింటే ఆ జోలికి పోకండి. 48 వేలు వాపసు, షుగర్ వైద్యానికైన ఖర్చు, మానసిక వేదనకు కొంత, కేసు ఖర్చులు అడగండి. ఇరవై లక్షలు అడిగితే అసలు నష్టం మీద కూడా నమ్మకం పోతుంది. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, అంత త్వరగా తేలుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

నోటీసు అందాక ఆసుపత్రి నుంచి డబ్బు తిరిగిస్తామని ఫోన్ రావచ్చు. తీసుకోవడంలో తప్పు లేదు. కానీ 'ఇకపై ఏ క్లెయిమూ లేదు' అన్న కాగితం మీద అమ్మగారి వేలిముద్ర పడేముందు మందు పేరు, డోసు రాతపూర్వకంగా తీసుకోండి. రేపు ఇంకో డాక్టరు ఆమె మోకాలికి ఇంజెక్షన్ వేయాలన్నా ముందు అడిగేది అదే.