రెండో వెబ్‌క్యామ్ తెరవగానే ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’: డిస్కులో ఖాళీ ఉన్నా ఎందుకు?

లినక్స్‌లో ఒక కెమెరా బాగానే నడుస్తూ, అదే యూఎస్‌బీ హబ్‌కు (ఒక పోర్టును పలు పోర్టులుగా విడదీసే పరికరానికి) తగిలించిన రెండోదాన్ని తెరిచినప్పుడే మీకు ఈ సందేశం వస్తోంది కనుక, నిండిపోయినది డిస్కు కాదు, యూఎస్‌బీ బస్సులో (పరికరాలు పంచుకునే డేటా మార్గంలో) వీడియోకు కేటాయించే బ్యాండ్‌విడ్త్, అంటే సెకనుకు పంపగల డేటా పరిమితి. (సందేశంలోని మాటలే తప్పుదోవ పట్టిస్తాయి, దయచేసి ఫైళ్లు తొలగించకండి.)

1. టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ -టీ’ (lsusb -t) ఆదేశం నడిపి, రెండు కెమెరాలూ ఒకే బస్సు కింద ఉన్నాయేమో చూడండి. చాలామంది పొరబడేది ఇక్కడే: పక్క పోర్టుకు మార్చినా, లోపల అది అదే కంట్రోలర్‌కు (బస్సును నడిపే చిప్‌కు) చేరుతుంటే ఫలితం ఉండదు. హబ్‌ను వదిలి, ఒక కెమెరాకు బస్సు సంఖ్య మారేవరకు కంప్యూటర్ పోర్టులను ఒక్కొక్కటిగా ప్రయత్నించండి.

2. వేరే బస్సు దొరకకపోతే, ప్రోగ్రామ్ సెట్టింగుల్లో వీడియో ఫార్మాట్‌ను ఎంజేపీజీకి (MJPG, ప్రతి ఫ్రేమునూ కుదించి పంపే ఫార్మాట్) మార్చండి. కుదించని వైయూవైవీ (YUYV) ఫార్మాట్‌లో 640×480 చిత్రం సెకనుకు 30 ఫ్రేముల చొప్పున సుమారు 147 మెగాబిట్లు తీసుకుంటుంది, యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగమే 480 మెగాబిట్లు, పైగా కొన్ని కెమెరాలు అవసరానికి మించి కోరతాయి.

3. ఎంజేపీజీ లేని కెమెరా అయితే, లినక్స్‌లో వెబ్‌క్యామ్‌లను నడిపే ‘యూవీసీవీడియో’ (uvcvideo) డ్రైవర్ మాడ్యూల్‌ను మెమరీ నుంచి తొలగించి ‘క్విర్క్స్=128’ (quirks=128)తో మళ్లీ లోడ్ చేయండి; అప్పుడు కెమెరా కోరినంత కాకుండా, అవసరమైన బ్యాండ్‌విడ్త్‌ను డ్రైవరే లెక్కిస్తుంది. ఇది కుదించని ఫార్మాట్లకే వర్తిస్తుంది.