సాక్ష్యం చెప్పబోయే మా అబ్బాయికి

ప్రియమైన బాబుకి,

ప్రభువు నామంలో వందనాలు. వచ్చే గృహకూడికలో, అంటే ఇంట్లో జరిగే ప్రార్థన కూడికలో, దేవుడు నీకు చేసిన మేలును గురించి నిన్ను సాక్ష్యం చెప్పమన్నారనీ, చెప్పుకోదగ్గ అద్భుతమేదీ నీ జీవితంలో జరగలేదని నీవు వెనకాడుతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. అద్భుతం కోసం వెతకవద్దు. అన్నాల దగ్గర మీ ఇంట్లో పదేపదే వచ్చే సంగతులేమిటో ముందు గుర్తు చేసుకో. మీ నాన్నకు పని పోయిన ఏడాది ఇల్లు ఎలా గడిచిందో, చెల్లి పుట్టిన రాత్రి ఆటో ఎవరు తెచ్చారో మీరు ఇన్నిసార్లు చెప్పుకుంటున్నారంటే, మీరు ఏర్పాటు చేసుకోని సహాయమేదో ఆ వేళ అందింది కనుకనే. వాటిలో ఒక్కటి ఎంచుకో.

దాన్ని జరిగింది జరిగినట్టు చెప్పు. ప్రతి వాక్యానికీ దేవుని పేరు చేర్చనక్కరలేదు. మన బైబిలులోని ఎస్తేరు గ్రంథంలో ఆయన పేరు ఒక్కసారైనా కనిపించదు. అయినా రాజుకు నిద్రపట్టని ఆ ఒక్క రాత్రి, ఆ రాజు రాజ్యపు సమాచార గ్రంథం తెప్పించి చదివించుకోవడం, తన ప్రాణం కాపాడిన మొర్దెకై అనే యూదుడు చేసి, మరుగున పడిపోయిన మేలు బయటికి రావడం చదివినవారికి దేవుడు అక్కడ లేడని అనిపించదు. కాబట్టి ఎవరు వచ్చారో, ఏమన్నారో, చేతిలో ఏం పెట్టారో చెప్పు.

మీ నాయనమ్మ ఉప్పెన సంగతి చెప్పే తీరు నీకు తెలియాలి. 1977 నవంబరు 19న దివిసీమ మీద సముద్రం విరుచుకుపడినప్పుడు ఆమె తాటిచెట్టును కరుచుకొని బ్రతికింది. తెల్లవారాక ఒంటిమీద సరైన బట్ట లేక గట్టు చాటున ముడుచుకొని కూర్చుంటే, ఇద్దరు పిల్లలను నీళ్లకు పోగొట్టుకున్న పక్క వీధి ఆవిడ తన తడి చీరను పళ్లతో కొరికి, సగానికి చించి ఆమెకు కప్పిందట. తాటిచెట్టు గురించి ఒక్క మాటలో చెప్పి, ఆ చీర దగ్గర మాత్రం మీ నాయనమ్మ చాలాసేపు ఆగేది. దేవుణ్ణి తాను చూసింది అక్కడేనని అనేది.

ఆ తీరులో గొప్ప జాగ్రత్త ఉంది. ఆ ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయారు, వారిలో మనకంటే ఎక్కువ ప్రార్థన చేసినవారు ఎందరో ఉన్నారు. దేవుడు ప్రేమించాడు కాబట్టే మేము బ్రతికాం అని నీవంటే, కొడుకును పోగొట్టుకున్న తల్లి అదే చాపమీద కూర్చొని ఆ మాట వింటుంది. ఆమె ముందు అనలేని మాటను సాక్ష్యంలో పెట్టవద్దు.

జవాబు రాని ప్రార్థన ఉంటే దాన్నీ దాచకు. యేసు సిలువ మరణం తరువాత ఎమ్మాయు అనే ఊరి దారిలో ఇద్దరు శిష్యులు చెప్పుకున్నది విజయగాథ కాదు, తమ ఆశలు ఎలా కూలిపోయాయన్నదే. వారు గుర్తుపట్టకపోయినా వారితో కలిసి నడిచిన యేసు అంతా తెలిసి కూడా ముందు వారిచేతనే చెప్పించాడు, మొత్తం విన్న తరువాతే మాట్లాడాడు. ఆయనను వారు గుర్తుపట్టింది రొట్టె విరిచినప్పుడే అయినా, వారి దిగులు మాటల మధ్య ఆయన అప్పటికే నడుస్తున్నాడు. నాకు ఈ వృత్తాంతంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

కూడికకు ముందే ఒక సాయంత్రం అమ్మనూ నాన్ననూ కూర్చోబెట్టి, నీవు ఎంచుకున్న సంగతిని వారి నోట విను. నీవు మరచినవి, నీకు తెలియనివి వారి దగ్గర ఉంటాయి. సహాయం చేసినవారి పేరు పదిమందిలో చెప్పవచ్చో లేదో కూడా అడుగు. పది నిమిషాలు మించనివ్వకు.

ప్రార్థనలతో,
నీ పెదనాన్న