కాంపెన్ లయన్ డాలర్‌పై బొమ్మ సగమే ఉంది, అసలుదేనా?

నెదర్లాండ్స్‌లోని డేవెంటర్‌లో ఒక షాపులో, అక్కడి కాంపెన్ నగరం 1648లో ముద్రించిన లయన్ డాలర్ (ఒకవైపు యోధుడు, రెండోవైపు సింహం ఉండే పాత డచ్ వెండి నాణెం) చూశానని, దాని మీద యోధుడి ముఖమే లేదని, నకిలీ ఏమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. ఇవి మన బందరుకూ వచ్చాయా అని కూడా అడిగారు.

ముఖం లేదని మాత్రం వదిలేయకండి. నేనుండేది నెదర్లాండ్స్‌లోనే. చాలా ఏళ్ళుగా ఈ నగరాల వెండి నాణేలు సేకరిస్తున్నాను. బొమ్మ నిండుగా పడిన లయన్ డాలర్ దొరకడమే అరుదు. నా దగ్గరున్న కాంపెన్ నాణెం మీద కూడా యోధుడి తల, భుజాలు చదునుగానే ఉన్నాయి. తిప్పి చూస్తే సరిగ్గా దాని వెనకవైపునే సింహం ఛాతీ కూడా పడలేదు. కానీ సింహం తోక, జూలు, యోధుడి ముందున్న డాలు మీది చిన్న సింహం మాత్రం వెంట్రుక వాసి కూడా చెదరలేదు. అరిగిన నాణెమైతే ఎత్తుగా ఉన్న చోట్లన్నీ ఒకేలా నున్నబడాలి. రెండువైపులా ఒకే చోట ఖాళీ ఉండి పక్కనే గీతలు పదునుగా ఉన్నాయంటే, అది దెబ్బ సరిగ్గా పడకపోవడమే.

దానికి కారణముంది. హాలండ్ రాష్ట్రం స్పెయిన్‌తో యుద్ధం చేస్తూ 1575లో ఈ నాణెం మొదలుపెట్టింది. నియమం ప్రకారం బరువు 27.68 గ్రాములు, అందులో వెండి ముప్పాతిక వంతే. అప్పటి మరో పెద్ద డచ్ వెండి నాణెం రైక్స్‌డాల్డర్‌లో అంతకంటే ఎక్కువ వెండి ఉండేది. ఒట్టోమన్ రేవుల్లో మాత్రం లయన్ డాలర్‌కు మంచి గిరాకీ. తక్కువ వెండితో పని జరుగుతుంటే వర్తకులు ఊరుకుంటారా? సంచుల కొద్దీ పంపారు. కాంపెన్, డేవెంటర్, జ్వొల్లె నగరాలకు జర్మన్ చక్రవర్తి నుంచి నాణేలు ముద్రించుకునే పాత హక్కు ఉండేది, వాటికీ ఇది మంచి ఆదాయం. సుత్తితో కొట్టి గబగబా తీసిన సరుకు, పైగా పరాయి దేశానికి పోయేది. ముఖం పడిందా లేదా అని చూసే ఓపిక ఎవరికుంటుంది?

కొనేముందు తూచమనండి. అసలువి నియమం కంటే కాస్త తక్కువే తూగుతాయి, కానీ బాగా తగ్గితే అంచులు కత్తిరించారేమో చూడాలి. పోతపోసిన నకిలీకి అంచు మీద అతుకు గీత, పైన సూది బెజ్జాల్లాంటి గుంటలు కనిపిస్తాయి. అక్షరాలు మెత్తగా కరిగినట్టుంటాయి. సింహం చుట్టూ, దేవుణ్ణి నమ్మినవాడు చలించడనే లాటిన్ మాటలుంటాయి, వాటిని భూతద్దంతో చదవండి. యోధుడి వైపున కాంపెన్ పేరు కుదించి ఉండాలి.

ఇంకో మాట. అదే షాపులో 28 స్టూవర్ల (స్టూవర్ అంటే అప్పటి డచ్ చిల్లర నాణెం) విలువైన వెండి నాణెం కనిపించి, దాని మీద బాణాల కట్ట గానీ హాలండ్ పేరు కుదించి గానీ చిన్న ముద్ర కొట్టి ఉంటే, పాడైందని అనుకోవద్దు. ఈ నగరాలు వాటిలో వెండి తగ్గించేస్తున్నాయని, 1693లో పనికొచ్చేవాటిని ఏరి ఆ ముద్రలు వేశారు. నాకైతే ముద్ర ఉన్నదే ఎక్కువ ఇష్టం, ఆ గొడవంతా ఆ ఒక్క నాణెం మీదే కనిపిస్తుంది.

బందరు సంగతి: 1606 నుంచి అక్కడ డచ్ వర్తక స్థావరం ఉన్న మాట నిజమే. కానీ బట్టలు కొనడానికి వాళ్ళు ఓడల్లో తెచ్చిన వెండి నాణేల్లో ఎక్కువ భాగం స్పానిష్ రియాళ్ళు. మన తీరంలో చెల్లేవి వరహాలు కాబట్టి, తెచ్చిన వెండిని వాటిలోకి మార్చుకునేవాళ్ళు. లయన్ డాలర్ ప్రధానంగా టర్కీ వైపు వెళ్ళిన నాణెం. ఎవరైనా దాన్ని బందరులో దొరికిందని చెప్పి అమ్మితే, ఆ కథకు అదనంగా డబ్బు ఇవ్వకండి.

వీలైతే ఏటవాలు వెలుతురులో రెండువైపులా, అంచునూ ఫొటో తీసి పెట్టండి, చూసి చెప్తాను.