స్ప్రింగ్ ట్రైనింగ్: వాపేది, బలుపేది?

అమెరికా బేస్‌బాల్‌లో సీజన్‌కి ముందు జరిగే సాధన శిబిరాలే స్ప్రింగ్ ట్రైనింగ్. ఫిబ్రవరి రెండో వారంలో పిచర్లు (బంతి వేసేవాళ్లు), క్యాచర్లు (బ్యాటర్ వెనక బంతి అందుకునేవాళ్లు) క్యాంపుల్లో దిగుతారు. మిగతా ఆటగాళ్లు మరో నాలుగైదు రోజుల్లో వచ్చేస్తారు. ఆ వెనకే మాకు ఉత్తరాలు మొదలవుతాయి. డాలస్ చుట్టుపక్కల పాఠకులే ఎక్కువ కాబట్టి ప్రశ్నలన్నీ ఇక్కడి పెద్ద లీగ్ టీమ్ టెక్సస్ రేంజర్స్ చుట్టూనే తిరిగాయి. ఆ టీమ్ క్యాంప్ అరిజోనాలోని సర్‌ప్రైజ్ అనే ఊళ్లో. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: మార్చిలో 400 సగటుతో దంచిన కుర్రాణ్ణి మైనర్స్‌కి (కింది లీగ్‌లకి) పంపేస్తారు. 200 దాటనివాడు టీమ్‌లో ఉండిపోతాడు. ఇదేం లెక్కండీ? (ఫ్రిస్కో పాఠకుడు)

ముందు లెక్కే చూద్దాం. నెలంతా ఆడినా ఒక బ్యాటర్‌కి దక్కేది సుమారు 50 యాట్‌బ్యాట్‌లు, అంటే బ్యాటింగ్ అవకాశాలు. వాటిలో హిట్లు (బంతి కొట్టి బేస్ చేరినవి) ఎన్నో వెయ్యికి లెక్కేస్తే సగటు. నిజంగా 260 స్థాయి ఉన్నవాడు 50 సార్లు ఆడితే 13 హిట్లు రావాలి. ఒట్టి అదృష్టం మీదే 3 హిట్లు అటో ఇటో కావడం మామూలే. 16 వస్తే సగటు 320, 10 వస్తే 200. మనిషీ అతడే, చేతిలో పనీ అదే. మూడు బంతులు ఫీల్డర్ పక్కనుంచి పోయాయా, గ్లవ్‌లో పడ్డాయా అన్నదే తేడా. దీన్ని నమ్ముకుంటే వాపును చూసి బలుపనుకున్నట్టే.

రెండోది, ఎవరిమీద కొట్టాడు? అసలు ఆటగాళ్లు ఐదో ఇన్నింగ్స్‌కల్లా స్నానాలు చేసి ఇంటిదారి పడతారు. ఆ తర్వాత వీపు మీద 80లు, 90లు అంకెలున్న కుర్రాళ్లు బంతులు వేస్తుంటారు. ఎనిమిదో ఇన్నింగ్స్ హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) హైలైట్స్‌లో ఘనంగానే కనిపిస్తుంది కానీ, బంతి వేసినవాడు ఏప్రిల్‌లో డబుల్-ఏలో (పెద్ద లీగ్‌కి రెండు మెట్ల కింద) ఉంటాడు. పేరున్న పిచర్ కూడా ఆ రోజు కొత్తగా నేర్చిన ఛేంజప్‌నే (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి) పదేపదే వేసి చూసుకోవచ్చు. దెబ్బ తిన్నా అతనికి పట్టదు. పైగా అరిజోనాది పొడిగాలి. బంతి దూరం పోతుంది, కర్వ్‌బాల్ సరిగా తిరగదు. అక్కడి హోమ్‌రన్లలో కొంత తరుగు తీసే లెక్కపెట్టుకోవాలి.

మరి చూడాల్సిందేమిటి? బ్యాటర్ విషయంలో స్ట్రయికౌట్లు (మూడు స్ట్రయిక్‌లతో ఔటవడం), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడితే ఊరికే బేస్ దక్కడం). ఓ 60 సార్లు క్రీజులోకి వస్తే స్ట్రయికౌట్ల వాటా కాస్త నమ్మదగ్గదవుతుంది. సగటు అలా కాదు, దానికి వందల యాట్‌బ్యాట్‌లు కావాలి. తర్వాత బంతి బ్యాట్‌ని వదిలిన వేగం. గంటకు 95 మైళ్లు దాటితే గట్టి దెబ్బ అని లెక్క. గాలి ఎలా ఉన్నా ఆ అంకె అబద్ధం చెప్పదు.

ఇక, బాగా ఆడినా కిందికి పంపడానికి ఒక్కోసారి ఆటతో సంబంధమే ఉండదు. 2015 వసంతంలో షికాగో కబ్స్ కుర్రాడు క్రిస్ బ్రయాంట్ 425 సగటుతో 9 హోమ్‌రన్లు కొట్టాడు. అయినా సీజన్ మొదట్లో ట్రిపుల్-ఏకి (పెద్ద లీగ్‌కి ఒక మెట్టు కింద) పంపి, ఏప్రిల్ 17న పిలిచారు. ఒక సర్వీసు సంవత్సరం పూర్తికావాలంటే పెద్ద లీగ్‌లో 172 రోజులుండాలి. అతని ఖాతాలో పడ్డవి 171. ఆ ఒక్క రోజుతో అతను ఫ్రీ ఏజెంట్ (నచ్చిన క్లబ్‌తో ఒప్పందం చేసుకోగలవాడు) అయ్యే గడువు ఏడాది వెనక్కి పోయింది. ఫిర్యాదు చేస్తే 2020లో తీర్పు అతనికి వ్యతిరేకంగానే వచ్చింది. ఈ ఎత్తుగడను తగ్గించడానికే లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2022 ఒప్పందంలో ఓ తాయిలం పెట్టారు. పేరున్న ప్రాస్పెక్ట్‌ని (ముందుముందు ఎదుగుతాడనుకునే కుర్రాణ్ణి) మొదటినుంచీ టీమ్‌లో ఉంచి, అతను రూకీ ఆఫ్ ద ఇయర్ (ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు) గెలిస్తే, ఆ టీమ్‌కి డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లని క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే చోట) అదనపు పిక్ దక్కుతుంది. 2024లో రేంజర్స్ వాయట్ లాంగ్‌ఫర్డ్‌ని మొదటి రోజే ఆడించారు. 2023 డ్రాఫ్ట్‌లో నాలుగోవాడిగా వచ్చిన కుర్రాడతను. ఆ వసంతంలో 6 హోమ్‌రన్లు కొట్టాడు నిజమే. కానీ ఆ 6 లేకపోయినా అతని పేరు చర్చలో ఉండేదని మా అభిప్రాయం.

ప్రశ్న: 40, 26, ఆప్షన్లు, నాన్-రోస్టర్... ఈ మాటలు ఒక్కసారి విడమరచి చెప్పండి. (ఇర్వింగ్ పాఠకురాలు)

ఈ ఒక్కటీ పట్టుబడితే స్ప్రింగ్ ట్రైనింగ్ సగం అర్థమైనట్టేనండి. క్యాంప్‌లో 60 మందికి పైగా ఉంటారు. వాళ్లలో 40 మంది పేర్లు క్లబ్ శాశ్వత జాబితాలో ఉంటాయి. మిగతావాళ్లు నాన్-రోస్టర్, అంటే పిలుపు మీద వచ్చినవాళ్లు. 40 మందిలోంచి రోజూ ఆటకు సిద్ధంగా ఉండేది 26 మంది. ఆ 26లో పిచర్లు 13 మందికి మించకూడదు. ఐదుగురు స్టార్టర్లు (ఆట మొదలుపెట్టేవాళ్లు), ఎనిమిది మంది రిలీవర్లు (మధ్యలో దిగేవాళ్లు). మిగతా 13లో తొమ్మిది మంది రోజువారీ బ్యాటర్లు పోతే బెంచ్ మీద నాలుగు కుర్చీలు. అందులో ఒకటి రెండో క్యాచర్‌ది. అంటే నిజంగా ఖాళీగా ఉండేవి ఏటా రెండో మూడో. అక్కడే అసలు పోటీ.

ఆప్షన్‌ని మన డెప్యుటేషన్‌తో పోల్చుకోవచ్చు. మనిషి వేరే ఊళ్లో పనిచేస్తాడు, పోస్టు మాత్రం మాతృశాఖలోనే. 40లో ఉన్న ఆటగాణ్ణి మైనర్స్‌కి పంపడానికి క్లబ్‌కి సాధారణంగా మూడు ఆప్షన్ సంవత్సరాలు ఉంటాయి. ఒక సీజన్‌లో మొత్తం 20 రోజులు కింద గడిపితే ఒక సంవత్సరం ఖర్చయినట్టు. ఎన్నిసార్లు కిందికీ పైకీ తిరిగినా ఆ సీజన్‌కి పోయేది ఒక్కటే. కాకపోతే ఒకే మనిషిని ఒక సీజన్‌లో 5 సార్లకు మించి పంపకూడదు. సీజన్ నడుస్తుండగా పంపితే బ్యాటర్ కనీసం 10 రోజులు, పిచర్ 15 రోజులు కిందే ఉండాలి. పైన ఎవరికైనా గాయమైతే ఆ నిబంధన సడలుతుంది.

మూడూ అయిపోయినవాణ్ణి పంపాలంటే ముందు వేవర్స్‌లో పెట్టాలి. అంటే మిగతా 29 క్లబ్బుల్లో ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. కాబట్టి ఇద్దరు రిలీవర్లు సమానంగా వేస్తున్నప్పుడు, ఆప్షన్లు అయిపోయినవాడు టీమ్‌లో ఉంటాడు, మిగిలి ఉన్నవాడు బస్సెక్కుతాడు. ఫ్రిస్కో పాఠకుడు అడిగిన అన్యాయానికి సగం జవాబు ఇక్కడే ఉంది. రూల్ 5 డ్రాఫ్ట్‌లో, అంటే వేరే క్లబ్ 40లో లేనివాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, తెచ్చుకున్నవాడిది ఇంకా చిక్కు. 1,00,000 డాలర్లు కట్టి తెచ్చుకున్నాక ఏడాదంతా పెద్ద టీమ్‌తోనే ఉంచాలి. కుదరకపోతే వేవర్స్ దాటించి, సగం సొమ్ముకి పాత క్లబ్‌కి తిరిగి ఇవ్వజూపాలి.

నాన్-రోస్టర్ ఆటగాడు ఎంత బాగా ఆడినా 40లో ఖాళీ పుట్టాలి. దానికి దారులు తక్కువ. దీర్ఘకాల గాయమున్నవాణ్ణి 60 రోజుల గాయాల జాబితాకి మార్చడం, ఎవరినైనా అమ్మడం, లేదా జాబితాలోంచి తొలగించడం. అందుకే మార్చి మూడో వారంలో ‘ఫలానావాణ్ణి 60 రోజుల జాబితాకి మార్చారు’ అన్న చిన్న వార్త కనబడితే తేలిగ్గా తీసుకోకండి. వెనకే ఒక నాన్-రోస్టర్ పేరు వస్తుంది.

ప్రశ్న: కుమార్ రాకర్ పేరు చూసి మావాడు ఊగిపోతున్నాడు. అతని సంగతేమిటి? ఒక పిచర్ సిద్ధమయ్యాడని ఎలా తెలుస్తుంది? (ప్లేనో పాఠకుడు)

రాకర్ రేంజర్స్ పిచర్. అతని తల్లివైపు వాళ్లు భారతదేశం నుంచి వెళ్లినవాళ్లు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్. కుమార్ వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో ఉండగా 2019లో డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రయికౌట్లతో నో-హిటర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) వేశాడు. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ పదోవాడిగా ఎంచుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. 2022లో రేంజర్స్ మూడోవాడిగా తీసుకున్నారు. 2023 మే నెలలో మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స, 2024 సెప్టెంబర్ 12న సియాటెల్‌లో మొదటి పెద్ద ఆట. ఆ రోజు 4 ఇన్నింగ్స్, 7 స్ట్రయికౌట్లు. 2025లో మాత్రం నిలకడ దొరకలేదు. అతనికి అన్నం పెట్టేది స్లైడర్, అంటే పక్కకీ కిందికీ జారే బంతి. దాన్ని స్ట్రయిక్ జోన్ (బంతి స్ట్రయిక్ లెక్కకొచ్చే ఊహా చట్రం) అంచు దాకా తెచ్చి అప్పుడు కిందికి జార్చాలి. చెయ్యి వదిలిన క్షణం నుంచే మట్టి వైపు పోతుంటే పెద్ద లీగ్ బ్యాటర్లు ముట్టుకోరు. స్ట్రయికౌట్లు తగ్గి వాక్‌లు పెరుగుతాయి.

స్టార్టర్‌ని తయారుచేసే పద్ధతి దాదాపు అన్నిచోట్లా ఒకటే. మొదట బుల్‌పెన్‌లో (పిచర్లు చెయ్యి వేడెక్కించుకునే చోటు, ఆటలో రిలీవర్లు ఉండేదీ అక్కడే) 20, 25 బంతులు. తర్వాత సొంత బ్యాటర్లకి వేయడం. మొదటి మ్యాచ్‌లో 30 బంతుల దాకా. అక్కడినుంచి ఐదారు రోజులకోసారి ఓ 15 పెంచుతూ, నెలాఖరుకి 80, 90. ఈ మెట్లలో ఒకటి తప్పితే, జ్వరం వచ్చి వారం పోయినా సరే, ఏప్రిల్ మొదటి ఆటల్లో నాలుగు ఇన్నింగ్స్‌కే బుల్‌పెన్ తలుపు తెరవాలి.

చూడాల్సింది పరుగులు కాదు. మొదటి ఇన్నింగ్స్ ఫాస్ట్‌బాల్‌కీ చివరి ఇన్నింగ్స్ ఫాస్ట్‌బాల్‌కీ మధ్య వేగం తేడా చూడండి. ఒక మైలు తగ్గితే మామూలే. రెండు, మూడు తగ్గి, దాంతోపాటు చెయ్యి వదిలే ఎత్తు కూడా కిందికి జారితే అలసటో, ఇంకేదో. మార్చి మధ్యలో చెయ్యి బరువెక్కి వేగం పడిపోయే దశ చాలామందికి వస్తుంది, వారం పది రోజుల్లో పోతుంది. క్లబ్ ప్రకటనలో ‘ముంజేతి బిగుతు’ అన్న మాట వస్తే మాత్రం గుండె రాయి చేసుకోవాలి. మోచేతి లిగమెంట్ తెగినప్పుడు తొలి సూచన చాలాసార్లు అదే. టామీ జాన్ అంటే తెగిన లిగమెంట్ స్థానంలో మణికట్టునుంచో తొడ వెనకనుంచో తీసిన స్నాయువు వేయడం. తిరిగి రావడానికి 12 నుంచి 18 నెలలు. రాకర్‌కి శస్త్రచికిత్స నుంచి పెద్ద లీగ్ దాకా పదహారు నెలలు పట్టింది.

ప్రశ్న: మంచి ప్రాస్పెక్ట్ అంటారు, పక్కన 55 అని వేస్తారు. 55కే అంత గొప్పా? (ఆస్టిన్ పాఠకురాలు)

మన 35 మార్కుల పాస్ లెక్క ఇక్కడ పనికిరాదు. కొలబద్ద 20 నుంచి 80 దాకా. 50 అంటే పెద్ద లీగ్ సగటు ఆటగాడు, అంటే లోకంలో కొన్ని వందల మందిలో ఒకడు. 60 అంటే ఆల్‌స్టార్ ఆశ. 80 తరానికి ఒకరిద్దరు. బ్యాటింగ్, బలం, పరుగు, ఫీల్డింగ్, త్రో, ఈ ఐదింటికీ విడివిడిగా వేస్తారు.

పరుగుకి మీరే మార్కులు వేయొచ్చు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచి, బంతి బ్యాట్‌కి తగిలిన చప్పుడుకి నొక్కండి, కాలు మొదటి బేస్ తొక్కగానే ఆపండి. కుడిచేతి బ్యాటర్ 4.3 సెకన్లలో చేరితే 50, 4.0 అయితే 80. ఎడమచేతివాళ్లు బేస్‌కి ఓ అడుగు దగ్గరుంటారు, వాళ్లకి 4.2కి 50. బంట్ (బంతిని మెల్లగా తాకించి వదలడం) కొట్టినప్పుడు కొలవొద్దు, ముందే పరుగు మొదలై ఉంటుంది. ఔటని తెలిసి సగంలో నెమ్మదించినదీ వద్దు. క్యాచర్‌కైతే బంతి గ్లవ్‌లో పడ్డప్పట్నుంచి రెండో బేస్ దగ్గర ఫీల్డర్ అందుకునే దాకా కొలవండి. 2.0 సెకన్లు మామూలు, 1.9 అయితే మంచి చెయ్యి.

అంకెలు చూసి మరీ పొంగిపోకండి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పదిహేడేళ్ల పిల్లవాడికి హాల్ ఆఫ్ ఫేమ్ ఫలకం సిద్ధం చేసేవాళ్లు ప్రతి క్లబ్‌కీ ఉంటారు.

ప్రశ్న: మా ఊళ్లో ఆడేవాళ్లు రేంజర్స్‌కి ఎంత దూరంలో ఉన్నట్టు? (ఫ్రిస్కో నుంచే మరొకరు)

రెండు మెట్లు. ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ డబుల్-ఏ. పైన రౌండ్ రాక్‌లో ట్రిపుల్-ఏ, ఆపైన ఆర్లింగ్టన్. కానీ నిజంగా పనికొచ్చే కుర్రాళ్లు మధ్య మెట్టు దూకేయడమూ ఉంది. దూరమొక్కటే కాదు, వయసూ లెక్కే. బహామాస్ కుర్రాడు సెబాస్టియన్ వాల్కాట్ 2025 సీజన్ ఫ్రిస్కోలో ఆడినప్పుడు అతని వయసు 19. ఆ మెట్టు మీద తనకంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లతో ఆడుతున్నాడంటే, సగటు కాస్త తక్కువగా ఉన్నా అది లోటు కాదు. ప్రాస్పెక్ట్ అంకె చూసేముందు వయసు చూడండి.

ప్రశ్న: ఇప్పుడు బ్యాటర్లు నెత్తి తట్టుకుంటున్నారెందుకు? (హ్యూస్టన్ పాఠకుడు)

బంతి స్ట్రయిక్ అవునా కాదా అని అంపైర్ ఇచ్చిన తీర్పుని సవాలు చేసే సైగ అది, మన డీఆర్‌ఎస్ లాంటిదే. 2025 వసంతంలో పరీక్షించి 2026 సీజన్ నుంచి పెద్ద లీగ్‌లో పెట్టారు. టీమ్‌కి రెండు సవాళ్లు, గెలిస్తే సవాలు మిగిలే ఉంటుంది. అడిగే హక్కు బ్యాటర్, పిచర్, క్యాచర్‌లకే. డగౌట్ (మిగతా టీమ్ కూర్చునే చోటు) నుంచి సైగ చేయకూడదు. జోన్ పైఅంచు బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం, కిందిఅంచు 27 శాతం. అందుకే క్యాంపుల్లో బ్యాటర్లని బూట్లు విప్పించి ఎత్తు కొలిచారు.

ప్రశ్న: పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి సర్‌ప్రైజ్ వెళ్దామనుకుంటున్నాం. సూచనలు? (మెకిన్నీ పాఠకురాలు)

రేంజర్స్, కాన్సస్ సిటీ రాయల్స్ ఇద్దరిదీ అక్కడ ఒకే స్టేడియం. కాబట్టి రేంజర్స్ బయటికెళ్లిన రోజున కూడా ఆట చూసే అవకాశం ఉంటుంది. ప్రాస్పెక్ట్‌లని చూడాలంటే స్టేడియం కంటే పక్కనున్న సాధన మైదానాలు మేలు. ఉదయం పూట వెళ్లండి. మధ్యాహ్నం మ్యాచ్‌కి అవుట్‌ఫీల్డ్ గడ్డి మీద చౌక టికెట్లుంటాయి కానీ నీడ ఉండదు. దుప్పటి, టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి. ప్రత్యర్థి టీమ్ ప్రయాణమై వచ్చేటప్పుడు పేరున్నవాళ్లని చాలామందిని ఇంట్లోనే వదిలేస్తుంది, వాళ్లకోసం టికెట్ కొనకండి.

ఇంకొకటి. అరిజోనాలో గడియారాలు మార్చరు. మార్చి రెండో ఆదివారం దాకా డాలస్ గంట ముందుంటుంది, ఆ తర్వాత రెండు గంటలు. అక్కడి 1:05 ఆట ఇంట్లో ఉన్న తాతగారికి మొదట 2:05కి, తర్వాత 3:05కి. ఆయన్ని ముందే టీవీ ముందు కూర్చోబెట్టకండి.